రాసేది మనోళ్లే... రాయించేది ఎవరు?

ఒకప్పుడు ఊళ్లో ఏదన్న ముచ్చట తెగకపోతే ‘పేపర్ల వచ్చింది’ అంటే చాలు, అక్కడితో ఒడిసేది. అచ్చయిన అక్షరానికి అంత విలువ ఉండేది. ఇవ్వాళ అదే ఊళ్లో ‘పేపరోళ్లు ఏదైనా రాస్తరు’ అంటున్నరు. ఎరువుల కోసం లైన్ల నిలబడ్డ రైతుదీ అదే మాట, హాస్టల్ల ఉన్న విద్యార్థిదీ అదే మాట, ఆఫీసు క్యాంటీన్ల చాయ తాగే ఉద్యోగిదీ అదే మాట. వార్త కంటబడగానే నిజమా అబద్ధమా అని అడగడం లేదు. ‘ఇది ఎవరి పేపరు? ఇది ఎవరి చానల్?’ అని అడుగుతున్నరు.

దీనికి మీడియా పెద్దలు నొచ్చుకుంటున్నరు. జనం వాట్సాప్‌కు మరిగిన్రని, చదివే ఓపిక సచ్చిపోయిందని తప్పంతా పాఠకుని మీదికే నెడుతున్నరు. ఈ మాట మేం ఒప్పుకోం. పాఠకుడు పైసలిచ్చి పేపరు కొన్నడు, నమ్మకాన్ని ఉచితంగా ఇచ్చిండు. ఆ నమ్మకాన్ని అమ్ముకున్నది ఎవరో ముందు తేలాలె. రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ 2023 సర్వేలో భారతదేశంలో వార్తలను నమ్ముతున్నమన్నవాళ్లు 38 శాతమే. అది కూడా ఇంటర్నెట్ వాడే ఇంగ్లీషు చదువరులను అడిగి తీసిన లెక్క. మండల కేంద్రంలో బస్టాండు కాడ నిలబడి అడిగే సర్వే ఏదీ లేదు.

జనానికి అనుమానం ఎందుకొచ్చిందో తెలియాలంటే ఒక కాగితం సంగతి యాది చేసుకోవాలె. 2010 ఫిబ్రవరిలో కేంద్రం శ్రీకృష్ణ కమిటీని వేసింది. డిసెంబర్ 30న నివేదిక చేతికొచ్చింది. అందులో ఎనిమిదో అధ్యాయాన్ని రహస్యంగా దాచిపెట్టిన్రు. మాజీ ఎంపీ ఎం.నారాయణరెడ్డి హైకోర్టుకు పోతే, 2011 మార్చి 23న జస్టిస్ ఎల్.నరసింహారెడ్డి ఇచ్చిన తీర్పుతో ఆ దాచిన ముచ్చట బయటపడ్డది. ఆ తీర్పు మీద అప్పీళ్లు నడిచినయి, అది వేరే సంగతి. బయటికొచ్చిన అక్షరం మాత్రం మళ్లీ లోపలికి పోలేదు.

ఏమున్నది అందులో? రాష్ట్రంలో 13 స్థానిక చానళ్లు, 5 పెద్ద పత్రికలు ఉన్నయని లెక్కగట్టిన్రు. రెండు చానళ్లు తప్ప మిగిలినవన్నీ సమైక్యాంధ్ర వైపే ఉన్నయని రాసిన్రు. యజమానులు ఎవరో, ఎడిటర్లు, సబ్ ఎడిటర్లు ఎక్కువ మంది ఏ ప్రాంతంవాళ్లో కూడా రాసిన్రు. తెలంగాణ జిల్లాల్లో తిరిగి వార్త తెచ్చే విలేకరులు స్థానికులు కాబట్టి తెలంగాణ వార్తలే తెస్తరని, ఆ సంగతిని యజమానులు, ఎడిటర్లు నేర్పుగా చూసుకోవాలని సలహా ఇచ్చిన్రు. ఆందోళనలకు ఎక్కువ ప్రచారం దక్కకుండ చూడాలన్నరు. చివరికి అసలు కిటుకు కూడా చెప్పిన్రు. పత్రికలు సర్కారు ప్రకటనల పైసల మీద బాగా ఆధారపడ్డయట, జాగ్రత్తగా వాడుకుంటే పని జరుగుతదట!

ఉద్యమకారులు ధర్నాల మీద మైకుల్లో మొత్తుకున్నదే ఇది. అప్పుడు దాన్ని ఆవేశం అన్నరు, ప్రాంతీయ ద్వేషం అన్నరు. తీరా చూస్తే కేంద్రం వేసిన కమిటీయే ఆ పనితనాన్ని వరుసబెట్టి రాసిపెట్టింది. మీడియాను నమ్మని పామరుడు, అన్నీ తెలిసిన ఢిల్లీ పెద్దలు ఒకే మాట మీదికి వచ్చిన్రు. తేడా ఏందంటే పామరుడు ఆ సంగతి తెలిసి బాధపడ్డడు, పెద్దలు దాన్ని వాడుకోవాలనుకున్నరు.

ఆ కాగితంలో రాయని కిటుకులు ఇంకా ఉన్నయి. 1980ల చివర మన తెలుగు పత్రికలు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టినయి. ఊరి వార్త పేపర్ల చూసుకొని మనం సంబురపడ్డం. మంచిదే. కాని ఆ అనుబంధంతోనే వార్తకు సరిహద్దు గీసిన్రు. నల్లగొండ ఫ్లోరైడ్ గోస నల్లగొండ పేజీలోనే పుట్టి అక్కడ్నే సచ్చింది. పాలమూరు వలస పాలమూరులోనే అచ్చయింది. వంకర తిరిగిన ఎముకల పోరడి ఫొటో గుంటూరు పాఠకునికి కనబడకపోతే, ‘తెలంగాణోళ్లకు ఏం తక్కువైంది’ అని అతను అడగడంలో వింత ఏమున్నది? గోస పడేది ఒక దిక్కు, దాన్ని చదవాల్సినోడు ఇంకో దిక్కు. నడుమ అడ్డం పడ్డది పత్రికే.

ఇక మండల విలేకరి సంగతి. ఊరి కష్టం ఎరుకున్నది ఆయనకే. ఆయనకు జీతం లేదు. ఉంటే గింటే అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే చిల్లర పైసలు. పైనుంచి యాడ్స్ టార్గెట్. దసరా వస్తే, ఎమ్మెల్యే పుట్టినరోజు వస్తే, పత్రిక వార్షికోత్సవం వస్తే చందాలు అడిగినట్టు కాంట్రాక్టరు ఇంటికి, రేషన్ డీలరు దుకాణానికి, ప్రైవేటు కాలేజీకి తిరగాలె. పొద్దున యాడ్ అడిగిన కాలేజీ మీద మాపటికి ఫీజుల దోపిడి వార్త రాయగలడా? రాసినా పైన అచ్చేస్తరా? పాత్రికేయుల కోసం వేసిన మజీఠియా వేజ్ బోర్డు సిఫార్సులను సుప్రీంకోర్టు 2014 ఫిబ్రవరిలో సమర్థించింది. గెలిచింది కోర్టులో. మండల విలేకరి జేబులోకి మాత్రం ఏమీ రాలేదు. ఊరోళ్ల తిట్లు తినేది ఆయన, లాభం తినేది యజమాని.

2009 ఎన్నికల్లో ఈ యాపారం ముసుగు కూడా తీసేసింది. అభ్యర్థులకు ప్యాకేజీలు పెట్టిన్రు. పైసలిచ్చినోని సభకు జనసంద్రం, ఇయ్యనోని సభ ఊసే లేదు. ప్రకటన అని రాయకుండ వార్త లెక్కనే అచ్చేసిన్రు. మహారాష్ట్రలో జరిగిన బాగోతాన్ని పి.సాయినాథ్ ‘ది హిందూ’లో బయటపెట్టిండు. ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘంలో పరంజోయ్ గుహ ఠాకుర్తా, మన కె.శ్రీనివాసరెడ్డి కలిసి 2010లో 71 పేజీల నివేదిక ఇచ్చిన్రు. పత్రికల పేర్లతో సహా రాసిన్రు. ప్రెస్ కౌన్సిల్ ఏం చేసింది? పేర్లు లేని చిన్న నివేదికను ముందు పెట్టి అసలుదాన్ని పక్కకు తోసింది. 2011లో కేంద్ర సమాచార కమిషన్ చెప్తే గాని అది జనానికి చూపలేదు. ఊరి పంచాయతీ లెక్కలు దాచిన సర్పంచు మీద పేజీలకు పేజీలు రాసే పత్రికలు, తమ లెక్కలు దాచినప్పుడు నాలుగు లైన్లు కూడా రాయలేదు. ప్రెస్ కౌన్సిల్ చేతుల ఉన్నది మందలింపే. టీవీ చానళ్లయితే దాని కిందికే రావు.

ఇంతవరకు చెప్పింది మనకు ఇష్టమైన ముచ్చట. ఇగ ఇష్టం లేనిది కూడా చెప్పాలె.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. రెండు వారాలకే, జూన్ 16న, కేబుల్ ఆపరేటర్లు రెండు చానళ్లను ఆపేసిన్రు. కొత్తగా గెలిచిన మన ప్రజాప్రతినిధుల యాసను, వేషాన్ని ఒక కార్యక్రమం వెక్కిరించింది. అది ముమ్మాటికీ తప్పే. కాని వెక్కిరింపుకు జవాబు చానల్ గొంతు నొక్కడమా? సర్కారు మాకు సంబంధం లేదన్నది. సెప్టెంబర్‌లో కాళోజీ శతజయంతి నాడు, వరంగల్లులోనే, ముఖ్యమంత్రి మీడియాను పది కిలోమీటర్ల లోతున పాతరేస్తనన్నడు. ధిక్కారమే బతుకుగా బతికిన కాళోజీ పుట్టినరోజు నాడు ఆ మాట! వలస పాలకుడు అనుంటే మనం బంద్ చేసేవాళ్లం.

2008లో ‘సాక్షి’ వచ్చినప్పుడు అది ఏ కుటుంబానిదో అందరికీ ఎరుకే. 2011లో ‘నమస్తే తెలంగాణ’ వచ్చినప్పుడు మన పేపరు వచ్చిందని ఊరూరా పండుగ చేసుకున్నరు. ఉద్యమానికి అది ఆసరా అయింది, కాదనలేం. రాష్ట్రం వచ్చినంక అది పాలకుల పేపరయింది. పేపరు పేర్ల తెలంగాణ ఉన్నంత మాత్రాన కౌలురైతు చావు, నిరుద్యోగి గోడు దాంట్ల సరిగ్గా వస్తదని హామీ ఉంటదా? ఇది ఒక్క రాష్ట్రం రోగం కూడా కాదు. 2022 డిసెంబర్ నాటికి ఎన్‌డీటీవీ అదానీ చేతుల్లోకి పోయింది. యజమాని ప్రాంతం మారింది, పార్టీ మారింది, రాష్ట్రం మారింది. ప్రకటనల పైసలు, యజమాని యాపారం, విలేకరి ఆకలి మాత్రం అట్లనే ఉన్నయి. పరాయి పేపరును కొలిచిన బద్దతోనే మన పేపరునూ కొలవాలె. అట్ల కొలిస్తేనే దాన్ని ప్రశ్న అంటరు. లేకుంటే అది పక్షపాతమే.

ఎవరినీ నమ్మమని చేతులు దులుపుకుంటే సరిపోతదా? పోదు. 2018 మేలో పిల్లలను ఎత్తుకపోయే ముఠాలు తిరుగుతున్నయని సెల్‌ఫోన్లలో పుకార్లు లేచినయి. తెలంగాణలో అమాయకులను కొట్టి చంపిన్రు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణం తీసిన్రు. పేపరును నమ్మని మనిషి మొఖం తెలియనోడు పంపిన మెసేజ్‌ను నమ్మిండు. అదే సమయంలో జోగులాంబ గద్వాలలో ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊర్లకు పంపింది. డప్పు కొట్టించి, పాటలు పాడించి అది పుకారని చెప్పించింది. జనం విన్నరు. ఎందుకు విన్నరు? చెప్పేటోడు ఎదురుంగ ఉన్నడు, అడిగితే జవాబు చెప్తున్నడు. నమ్మకం ఎక్కడ పుడ్తదో దీన్ని చూస్తే తెలుస్తది.

అందుకే మనం అడగాల్సినయి ఉన్నయి. ఏ పత్రికకు, ఏ చానల్‌కు సర్కారు ఏడాదికి ఎన్ని కోట్ల ప్రకటనలు ఇచ్చిందో జిల్లాల వారీగా బయట పెట్టాలె. పెట్టకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉన్నది, ఉద్యోగులు, విద్యార్థులు దరఖాస్తులు వేయాలె. 1956 నిబంధనల కింద పత్రికలు ఏటా ఒకసారి యజమానుల వివరాలు లోపలి పేజీల చిన్న అక్షరాలతో అచ్చేసేవి. అది మొదటి పేజీల, చదవగలిగే అక్షరాలతో రావాలె, యజమానికి ఉన్న వేరే యాపారాలతో సహా. పార్టీలు చానళ్లు నడపొద్దని 2014 ఆగస్టులో ట్రాయ్ సిఫార్సు చేసింది. దాన్ని చట్టం ఎందుకు చేయలేదో ఓటు అడగవచ్చిన ప్రతి పార్టీని నిలదీయాలె. మండల విలేకరికి జీతం ఇయ్యని పత్రికకు నీతులు చెప్పే హక్కు లేదని పాత్రికేయ సంఘాలు గట్టిగా అనాలె.

ఇవన్నీ అడగాల్సిన పత్రికల్లో మా పత్రిక కూడా ఉన్నది. మేం ఏం రాస్తున్నం, ఏం వదిలేస్తున్నం, మాకు పైసలు ఎక్కడివి అని అడగండి. జవాబు చెప్పకపోతే మమ్మల్ని కూడా నమ్మకండి.