నక్షత్రపు ముగ్గులు

సి భాషలో నక్షత్రపు గుర్తులతో త్రిభుజములను, వజ్రాకృతులను అచ్చువేయు ప్రోగ్రాములు పిల్లలాటలని కొందఱు తల్లిదండ్రులు తలంచుచున్నారు. గైడు పుస్తకమునుండి వానిని వల్లెవేసిన చాలునని విద్యార్థులలో ననేకులు నమ్ముచున్నారు. ఈ రెండు తలంపులును సరికావని మా యభిప్రాయము. అందు రెండవది యెక్కువ హానికరము. త్రిభుజమును కంఠస్థము చేసిన విద్యార్థి, ప్రశ్నలో దానిని తలక్రిందులు చేసి యడిగినంతనే కలము క్రింద పెట్టుచున్నాడు.

1972 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించిన యీ భాషలో, ఒక లూపునందు మఱియొక లూపు నిముడ్చుట కలదు. వెలుపలి లూపు వరుసలను లెక్కించును. లోపలిది యాయా వరుసలోని గుర్తులను లెక్కించును. వెలుపలిది యొక్క యడుగు వేసినప్పుడెల్ల లోపలిది తన పనిని మొదటినుండి తుదివఱకు ముగించును. అచ్చు ఎడమనుండి కుడికి, పైనుండి క్రిందికి సాగునే కాని గడచిన వరుసకు మరలిరాదు. కావున ప్రతి వరుసలోను విడువవలసిన ఖాళీలెన్నియో, వేయవలసిన నక్షత్రములెన్నియో ముందుగనే తెలిసియుండవలెను.

ఈ లెక్క మన తల్లులకు క్రొత్త కాదు. వాకిట ముగ్గు పెట్టువారిని అది యెదురు చుక్కయో సందు చుక్కయో యడిగి చూడుడు. ఎదురు చుక్కలో 1, 3, 5, 7, 9 అని పెంచుకొనుచు పోయిన చుక్క క్రిందనే చుక్క వచ్చును. అనగా వరుస సంఖ్యను రెట్టించి 1 తీసివేయవలెను. 5 వరుసలకు 25 నక్షత్రములు. సందు చుక్కలో 1, 2, 3, 4, 5 మాత్రమే; ప్రతి నక్షత్రము వెంట నొక ఖాళీ విడిచిన చాలును; మొత్తము 15. ఎడమప్రక్క ఖాళీలు రెండింటను నొక్కటే: మొత్తము వరుసలనుండి ప్రస్తుతపు వరుస సంఖ్యను తీసివేయగా మిగిలినన్ని. ఇంత దగ్గఱి చుట్టములను గైడు పుస్తకములు వేర్వేఱు ప్రోగ్రాములుగా నచ్చువేసి పుటలు నింపుట మాకు వింతగా నున్నది.

క్రొత్త పంక్తికి పోవు నాజ్ఞ లోపలి లూపు ముగిసిన పిమ్మట నుండవలెను. దానిని లోపల పెట్టినచో నా 15 నక్షత్రములును 15 పంక్తులలో నొంటరిగా నిలుచును. దీనిని వల్లెవేయుటకంటె, ఒకసారి అట్లు చేసి తెరపై చూచుట మేలు.

ఉపయోగమేమని యడుగు తల్లిదండ్రులకు మా మనవి యిది: కంప్యూటరు తెరమీది ప్రతి చిత్రమును వరుసలుగా నమర్చిన చుక్కలే. ఛాయాచిత్రమును మసకచేయు ప్రోగ్రామైనను, ఎక్కముల పట్టికను వ్రాయు ప్రోగ్రామైనను ఈ జంట లూపులతోనే నడచును.

ఇకమీదట మా తరగతిలో ముందు గళ్ళ కాగితము, పిదపనే కంప్యూటరు. విద్యార్థులారా, 7 మొదలు 4 వఱకు సందు చుక్కల ముగ్గును మీరు తెలిసినవారే. నడుమ 7, పైనను క్రిందను 6, 5, 4; మొత్తము 37 చుక్కలు. గైడు చూడక దానిని సి భాషలో వేసి తెండు.