నాలుగున్నర అలారం



పోయిన నెల మా షాబియాలో పక్క గది అక్క ఊరికి డబ్బు పంపబోయి, ఎప్పుడో వాడిన పాత ఖాతాకి పంపేసింది. రాత్రి పదింటికి, ఫోన్‌లో. "నాకు మతిమరుపు వచ్చేసిందే" అని ఒకటే ఏడుపు. డబ్బు తిరిగొచ్చింది లెండి. కానీ రోజు ఎలా గడుస్తోందని అడిగితే అసలు సంగతి బయటపడింది.

ఊళ్లో పాప ఆరింటికి లేస్తుంది. ఇండియా మనకంటే గంటన్నర ముందు కదా, ముసఫ్ఫాలో అప్పుడు నాలుగున్నర. పాపని తను లేపాలి, అమ్మమ్మ జడ వేసేదాకా వీడియోలో చూస్తూ ఉండాలి. ఆ తర్వాత డ్యూటీ. వంటా, ఫోన్లూ అయి పడుకునేసరికి పదకొండున్నర. లెక్కేస్తే ఐదు గంటల నిద్ర.

నాలుగున్నరకి లేచిన మనిషి రాత్రి తొమ్మిదిన్నరకి 17 గంటలు మేలుకున్నట్టు. 1997లో ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే పరిశోధకులు ఇదే చూశారు. అంతసేపు మేలుకున్నవాళ్ల చురుకు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాళ్ల స్థాయికి పడిపోయింది. చుక్క ముట్టకుండానే! మరి ఆ వేళకే మనం నూనె మూకుడు పెడతాం, డబ్బు లెక్కలు చూస్తాం.

చీకటి పడ్డాక మెదడులో మెలటోనిన్ ఊరి నిద్రకి సిద్ధం చేస్తుంది. మొహానికి ఫోన్ వెలుగు కొడితే అది వెనకబడుతుంది. తెల్లవారుజామున కార్టిసాల్ పెరుగుతూ మనల్ని లేపుతుంది. మెలటోనిన్ దిగకముందే అలారం మోగితే ఒళ్లు లేస్తుంది గానీ బుర్ర లేవదు. అప్పుడు కరక్ చాయ్ మీద పడతాం. సాయంత్రం ఐదింటికి తాగిన దాంట్లో కెఫీన్ దాదాపు సగం పదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. నైట్ డ్యూటీ వాళ్ల కష్టం ఇంకో రకం, అది వేరే నెల రాస్తాను.

నెలసరి ముందు ప్రొజెస్టెరాన్ తగ్గుతుంది, నలభై దాటాక ఒంట్లో ఆవిర్లు మొదలవుతాయి. అప్పుడు నిద్ర చెదిరితే "బద్ధకం" అని ఎవరన్నా పట్టించుకోకండి. సరిపడా పడుకున్నా నీరసంగా ఉండి, చలి వేస్తుంటే ఏసీని తిట్టుకుంటూ కూర్చోకుండా డాక్టర్ని అడిగి థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకోండి.

అక్క ఇప్పుడు పొద్దున్న పని అమ్మమ్మకి వదిలేసింది. డబ్బు సెలవు రోజు ఉదయమే పంపుతోంది. పాప రెండు రోజులు అలిగింది. ఇప్పుడు మన సాయంత్రం ఆరింటికి, అక్కడ ఏడున్నరకి, అన్నం తింటూ బడి కబుర్లు చెబుతోందట. అక్కకి మాత్రం నాలుగున్నరకి ఇంకా మెలకువ వస్తూనే ఉంది.