జబ్బుకు లేని ఊరు వైద్యానికి ఎందుకు?

"నీదే ఊరు?" ఈ దేశంలో ఈ మాటకు ఒక అర్థం ఉంది. ఊరు చెప్తే వాడ తెలుస్తుంది. వాడ తెలిస్తే కులం తెలుస్తుంది. ఇప్పుడు అదే మాట ఆసుపత్రి కౌంటర్లో కంప్యూటర్ అడుగుతోంది. కార్డు ఏ ఊరిది? ఏ రాష్ట్రానిది? జవాబు కుదరకపోతే ఆపరేషన్ లేదు, పొమ్మంటారు.

నాయుడుపేట చుట్టుపక్కల మాల మాదిగ పల్లెల్లో, యానాది సంఘాల్లో భూమి లేనోళ్లే ఎక్కువ. కోతలు అయిపోతే ఇటుక బట్టీలకి, రొయ్యల గుంటల కాపలాకి, హైవే పట్టుకొని గుమ్మిడిపూండి, చెన్నై దాకా పోతారు. చెన్నై ఇక్కడికి నూరు కిలోమీటర్ల పైచిలుకే. తడ దాటితే తమిళనాడు. కూలికి పోయేటప్పుడు ఆ గీత ఎవరికీ అడ్డం రాదు. జబ్బు చేసినప్పుడే ఆ గీత లేచి నిలబడతాది.

2022 ఏప్రిల్ 4న నాయుడుపేటను నెల్లూరు జిల్లా నుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు. మన ఆరోగ్యశ్రీ కార్డు చెల్లకుండా పోయిందా? పోలేదు. ఎందుకంటే ట్రస్టు రాష్ట్రమంతటికీ ఒకటే. జిల్లా గీత మారినా రోగికి నష్టం రాలేదు. మరి రాష్ట్రం గీత దగ్గర ఎందుకు వస్తోంది? డబ్బు ఎవరిదనే లెక్క దగ్గర.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్ని పేర్లు మారినా, ఎన్టీఆర్ వైద్యసేవ అన్నా, రాష్ట్ర ఖజానా మీద నడిచేదే. 2019 నవంబరు నుంచి చెన్నై, బెంగళూరు, హైదరాబాదు ఆసుపత్రులకు విస్తరించారు. అదీ ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో, ఎంపిక చేసిన జబ్బులకే. తమిళనాడు ముఖ్యమంత్రి ఇన్సూరెన్సులో బయటి రాష్ట్రం కూలీలు చేరాలంటే ఆరు నెలలకు పైగా అక్కడే ఉన్నట్టు అధికారి సర్టిఫికెట్ కావాలని నిబంధన. ఆరు నెలలు నిండేసరికి బట్టీ సీజనే అయిపోతాది! పైగా ఓనరు "వీళ్లు నా దగ్గరే పని చేస్తున్నారు" అని కాగితం రాసిస్తాడా? రాసిస్తే చట్టాలన్నీ తన మెడకు చుట్టుకుంటాయని వాడికి తెలీదా?

2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కార్డు వేరే రాష్ట్రంలో కూడా చెల్లుతుంది. ఇది మంచిదే. కానీ కార్డు ఉన్నోళ్లకే గదా! యానాదుల్లో ఆధారే లేని కుటుంబాలు ఎన్నో. ఆధార్ లేకపోతే రేషన్ కార్డు లేదు. రేషన్ కార్డు లేకపోతే వైద్యం దొరకడమూ కష్టమే. సర్వే వాళ్లు వచ్చిన రోజు గుడిసెకు తాళం ఉంటే ఆ కుటుంబం లెక్కలోనే లేదు.

లెక్కలో లేకపోతే నిధుల్లోనూ లేనట్టే. మైదానంలో 5,000 మందికి ఒక సబ్‌సెంటరు, 30,000 మందికి ఒక పీహెచ్‌సీ, 1,000 మందికి ఒక ఆశా. ఇవన్నీ తలల లెక్క మీదే. 2021లో జరగాల్సిన జనాభా లెక్క ఆ ఏడు జరగలేదు. 15వ ఆర్థిక సంఘం 2021-26కి స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్లు సిఫార్సు చేసింది. బట్టీ దగ్గర కట్టుకున్న గుడిసె ఏ పంచాయతీ లెక్కలో ఉంది?

"అందరికీ ఇస్తే ఖజానా ఏం కావాలి? పక్క రాష్ట్రపోళ్లంతా వచ్చి పడరా?" అంటారు. ఖజానా ఇబ్బంది అబద్ధం కాదు. 2025 అక్టోబరులో బకాయిల కోసం మన రాష్ట్రంలో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. కానీ 2017 జూలై నుంచి జీఎస్టీ ఉంది. సరుకు యాడ కొంటే రాష్ట్రం వాటా ఆ రాష్ట్రానికే. అంటే మన కూలి తిరువళ్లూరులో సబ్బు కొన్నా పన్ను కట్టేది తమిళనాడుకే. పన్నుకి అక్కడి మనిషి, వైద్యానికి ఇక్కడి మనిషా? ఇదేం న్యాయం? ఆయుష్మాన్‌లో సొంత రాష్ట్రం బిల్లు కట్టే పద్ధతి ఉంది. ఆ లెక్క రాష్ట్రాలే చూసుకోవాలి. రోగిని మధ్యలో నిలబెట్టకూడదు.

ఈ పేచీ మనకొక్కటే కాదు. అమెరికాలో అరిజోనా రాష్ట్రం, ఏడాది కాపురం లేని పేదకు కౌంటీ ఖర్చుతో వైద్యం లేదని చట్టం చేసింది. 1974లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు రాసింది ఆ కోర్టులో కూర్చున్న తొలి నల్లజాతి జడ్జి థర్‌గుడ్ మార్షల్. మన సుప్రీంకోర్టు కూడా 1996లో, పశ్చిమ బెంగాల్ వ్యవసాయ కూలీల సంఘం కేసులో, అత్యవసర వైద్యం ఇవ్వకుండా ప్రభుత్వ ఆసుపత్రులు తిప్పి పంపడం జీవించే హక్కును కాలరాయడమేనని చెప్పింది. డబ్బు లేదనే సాకు చెల్లదంది.

1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ అంబేద్కర్, రాజ్యాంగం గ్రామాన్ని వదిలి మనిషిని యూనిట్‌గా తీసుకున్నందుకు సంతోషమన్నారు. ఊరి పెత్తనం కింద నలిగినోళ్లకే ఆ మాట విలువ తెలుసు. ఊరు విడిచి బతకబోయిన మనిషిని కార్డు పేరుతో మళ్లీ ఊరికే కట్టెయ్యడం ఆ మాటకు ద్రోహం కాదా?

అందుకే అడుగుతున్నాం. పనిచేసే చోటే, ఆరు నెలల షరతు లేకుండా వైద్యం ఇవ్వాలి. కూలి తన నోటితో చెప్పిన చిరునామా చెల్లాలి. బట్టీలు, రొయ్యల గుంటల దగ్గరికే వచ్చి ఆధార్ క్యాంపులు పెట్టాలి. ఆశా లిస్టులో వలస గుడిసెలు ఎక్కాలి.

సంఘం కార్యకర్తలారా! మీ పల్లెలో కార్డు లేని ఇళ్లు, బయటికి పోయిన ఇళ్లు లిస్టు రాయండి. సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. కదలకపోతే సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్సుకి అందరూ కలిసి పోండి. ఒక్కరు పోతే "నీదే ఊరు?" అంటారు. వంద మంది పోతే కుర్చీ వేస్తారు.