నగరంలో చుట్టరికం

మహాభారతంలోని సభాపర్వంలో ఆలోచింపదగిన సన్నివేశం ఒకటి ఉంది. ఇంద్రప్రస్థం అప్పుడే వెలసిన నగరం. మయుడు నిర్మించిన సభలో ధర్మరాజు కొలువుదీరి ఉండగా నారదమహర్షి వచ్చి, పాలనను గురించి అనేక ప్రశ్నలు వేస్తాడు. కోశాగారం, కోటలు, సైన్యం, వ్యవసాయం, మంత్రాంగం మొదలైన విషయాలెన్నో అందులో ఉన్నాయి. వాటి నడుమ మరొక ప్రశ్న కూడా ఉంది. చూపులేనివారిని, మాట రానివారిని, నడవలేనివారిని, బంధువులు లేనివారిని తండ్రివలె పోషిస్తున్నాడా అని ఆ మహర్షి రాజును అడుగుతాడు. ఈ జాబితాలోని చివరి మాట గమనింపదగినది. అవయవలోపం వంటిదే బంధులోపం కూడా. తనవారంటూ లేకపోవడం ఒక వైకల్యమని, దానిని తీర్చవలసిన బాధ్యత పాలకునిదని మన ప్రాచీనులు గుర్తించారు.

ఈ ప్రశ్న నేటి నగరాలకు మరింతగా వర్తిస్తుంది. పల్లెలో జ్వరం వచ్చినవాని గుమ్మంలోకి గంజి గిన్నెతో ఎవరో ఒకరు వస్తారు. పిన్ని, బాబాయి, అత్త, మామ అనే పిలుపులే అక్కడ సగం ఆసరా. అయితే ఆ చుట్టరికం అందరినీ సమానంగా కలుపుకొన్నదని చెప్పడం సత్యదూరం. ఊరికి వెలుపల ఉంచబడినవారికి ఆ గంజి గిన్నె చేరలేదు. అందుకే ఎందరో కూలి కోసం మాత్రమేకాక, కులం అడగని చోటును వెదకుకొంటూ కూడా నగరానికి వచ్చారు. నగరం వారికి పని ఇచ్చింది, కొంత స్వేచ్ఛను ఇచ్చింది. కాని చుట్టరికాన్ని ఇవ్వలేదు. ఆ లోటును పూరించవలసినవే నగరంలోని సంక్షేమ సేవలు.

సేవా సంప్రదాయం తెలుగునేలకు కొత్తది కాదు. కాకతీయుల కాలానికి చెందిన 1261 నాటి మల్కాపురం శాసనంలో ప్రసూతిశాల, ఆరోగ్యశాల నిర్వహణకు జరిగిన ఏర్పాట్లు కనిపిస్తాయి. బాలింతకు, రోగికి కావలసిన సేవలను దాత ఇష్టాయిష్టాలకు విడిచిపెట్టక, వాటికి నిలకడగల ఆదాయాన్ని కేటాయించడం అందులోని విశేషం. పందొమ్మిదో శతాబ్దంలో కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళాపాళా చూడక బాటసారులకు అన్నం పెట్టి అన్నపూర్ణగా పేరుపొందారు. మొదటిది వ్యవస్థ చూపిన దక్షత. రెండవది వ్యక్తి చూపిన దయ. నగరానికి ఈ రెండూ కావాలి. ఒకటి ఉంటే రెండవది అక్కరలేదనుకోవడమే పొరపాటు.

స్వతంత్ర భారతంలో ఈ బాధ్యతకు రాజ్యాంగం ఆధారమైంది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పన్నెండవ షెడ్యూలును చేర్చి, పురపాలక సంస్థలకు అప్పగింపదగిన 18 అంశాలను పేర్కొన్నది. వాటిలో రోడ్లు, నీటి సరఫరాతోపాటు మురికివాడల అభివృద్ధి, పట్టణ పేదరిక నిర్మూలన, బలహీనవర్గాల ప్రయోజనాల పరిరక్షణ కూడా ఉన్నాయి. అంతకుముందే, 1985లో, బొంబాయి కాలిబాటలపై నివసించేవారి కేసులో సుప్రీంకోర్టు జీవించే హక్కులో జీవనోపాధి హక్కు ఇమిడి ఉన్నదని స్పష్టం చేసింది. కాబట్టి పేదవానికి నగరం చేసే సాయం భిక్ష కాదు. అది పౌరునికి చెల్లవలసిన బాకీ.

హైదరాబాదు నగరం ఈ దిశలో చెప్పుకోదగిన అడుగులు వేసింది. 1967లో అక్కడ పట్టణ సమాజాభివృద్ధి పథకం మొదలయింది. ఏది అవసరమో అధికారులే నిర్ణయించి పంచిపెట్టడం గాక, కార్యకర్తలు బస్తీలకు వెళ్లి ప్రజలను కూడగట్టడం, వారి శ్రమను, ఆలోచనను జోడించి బాలవాడులు, కుట్టుపని శిక్షణ వంటివి నడపడం దాని పద్ధతి. తరువాతి కాలంలో మహిళా పొదుపు సంఘాలు బస్తీలలో వేళ్లూనుకొన్నాయి. 2014లో నగరపాలక సంస్థ ఐదు రూపాయలకే భోజనం పెట్టే కేంద్రాలను ప్రారంభించింది. 2018లో ఇంటికి దగ్గరలోనే ప్రాథమిక వైద్యం అందించడానికి బస్తీ దవాఖానాలు వెలిశాయి. ఇవన్నీ అభినందింపదగినవే.

అయినా సేవ ఉండడం వేరు, అది అందడం వేరు. నిలువనీడ లేనివారి సంగతే చూడవచ్చు. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్, ప్రతి లక్ష జనాభాకు నూరుమందికి సరిపోయే ఆశ్రయం ఒకటి ఉండాలని నిర్దేశించింది. 2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాదు మహానగర పాలక సంస్థ పరిధిలో సుమారు 67 లక్షల మంది ఉన్నారు. ఆ లెక్కనే అరువదియేడు ఆశ్రయాలు, ఆరువేల ఏడువందల పడకలు కావాలి. నగరం ఆ తరువాత ఎంతగా పెరిగిందో అందరూ ఎరిగినదే. పైగా, పడకల సంఖ్య ఒక్కటే చాలదు. ఆశ్రయం కూలి అడ్డాకు, ఆసుపత్రికి దగ్గరలో ఉండాలి. స్త్రీలకు రక్షణ ఉండాలి. భార్యాభర్తలు, పిల్లలు విడిపోకుండా ఉండే వీలు కావాలి.

పాలమూరు ప్రాంతంనుండి భార్యకు వైద్యం చేయించడానికి నగరానికి వచ్చిన ఒక వృద్ధకూలీని ఊహించుకోవచ్చు. ఆమె వార్డులో ఉంటుంది. అతడు ఆసుపత్రి గోడవార గోనెపట్టా పరచుకొని పడుకొంటాడు. సమీపంలోనే ఆశ్రయం ఉండవచ్చు, చవక భోజనం దొరకవచ్చు. కాని బోర్డు చదవడం అతనికి రాదు. ఎవరినైనా అడుగుదామంటే కసురుకొంటారేమోనని భయం. గుర్తింపు కార్డు ఇంటివద్దనే ఉండిపోయింది. పథకం కాగితం మీద ఉన్నది, అతడు కాలిబాట మీద ఉన్నాడు. ఈ రెండింటి మధ్య దూరం కొన్ని గజాలే కావచ్చు. కాని చేయిపట్టి నడిపించేవారు లేనిదే ఆ దూరం తరగదు.

అడగందే అమ్మయినా పెట్టదని సామెత. నగరంలో మిక్కిలి కష్టంలో ఉన్నవాడు ఆ అడగడమే తెలియనివాడు. అడిగినవారికే అందే సేవ, నోరున్నవారికే దక్కుతుంది. అందువల్ల సేవ తన తలుపు తెరచి కూర్చుంటే చాలదు. అది లేచి వీధిలోకి నడవాలి. రాత్రివేళ ఆసుపత్రుల వద్ద, రైల్వేస్టేషన్ల వద్ద, వంతెనల క్రింద తిరిగి, ఆదుకోవలసినవారిని వెదకే కార్యకర్తలు ఉండాలి. ఒక నగరపు సేవలను కొలవడానికి ఎన్ని కేంద్రాలు ప్రారంభమయ్యాయన్నది సరైన కొలబద్ద కాదు. నోరులేనివారిలో ఎందరికి అవి చేరాయన్నదే అసలైన కొలబద్ద.

ఇటువంటి సేవలు మనుషులను సోమరులను చేస్తాయని కొందరి ఆక్షేపణ. అర్హతలేనివారు లాభపడతారన్న వారి శంకను పూర్తిగా త్రోసిపుచ్చనక్కరలేదు. ప్రజాధనం ఖర్చయ్యేచోట లెక్క, తనిఖీ ఉండవలసిందే. అయితే మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనానికి వరుసలో నిలిచేవారెవరు? హమాలీలు, ఆటోడ్రైవర్లు, భవననిర్మాణ కూలీలు, ఉద్యోగం వెదకుకొంటూ గదిలో ఒంటరిగా ఉండే యువకులు. వీరు పని మానుకొని తినడానికి వచ్చినవారు కారు. తిని మళ్లీ పనికి వెళ్లేవారు. నగరపు అంతస్తులను మోసిన భుజాలకు ఒకపూట అన్నం పెట్టడాన్ని ఉచితమనడం న్యాయం కాదు.

అంతకన్న పెద్ద ప్రమాదం నిలకడ లేకపోవడం. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో ఆరంభమైన చవక భోజనశాలలు 2019లో మూతపడి, 2024లో తిరిగి తెరుచుకొన్నాయి. నడుమ గడచిన ఐదేండ్లలో ఆకలి సెలవు తీసుకోలేదు. చెన్నైలో 2013లో మొదలైన చవక భోజనశాలలు 2021లో ప్రభుత్వం మారినా కొనసాగాయి. పథకానికి ఏ పేరు పెట్టాలన్నది పాలకుల ఇష్టం కావచ్చు. అది నడవాలా, ఆగాలా అన్నది మాత్రం దానిపై ఆధారపడినవారి అవసరాన్నిబట్టి తేలాలి. మల్కాపురం శాసనకర్తలు సేవకు స్థిరమైన ఆదాయాన్ని కల్పించడంలోని వివేకం ఇక్కడనే బోధపడుతుంది.

ప్రభుత్వ బాధ్యతను ఇంతగా చెప్పినంతమాత్రాన పౌరుల బాధ్యత తీరిపోదు. 2020లో కరోనా కారణంగా దేశమంతా లాక్‌డౌన్ విధించినప్పుడు వలసకూలీలు మండుటెండలో కాలినడకన స్వగ్రామాలకు బయలుదేరారు. రహదారుల వెంబడి ఎందరో సామాన్యులు వారికి నీళ్లిచ్చారు, పులిహోర పొట్లాలు అందించారు, చెప్పులు తొడిగారు. మన సమాజంలో దయ ఇంకిపోలేదనడానికి అది నిదర్శనం. అయితే ఆ దయ వరదవలె వచ్చి వరదవలెనే వెళ్లిపోయింది. వరదనీరు పంటకు ఉపయోగపడాలంటే చెరువు కావాలి, కాలువ కావాలి. పౌరుల సానుభూతికి నగరసేవలు అటువంటి చెరువు, కాలువ కావాలి.

ఈ పనిలో యువతరానికి ప్రత్యేకస్థానం ఉంది. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో జాతీయ సేవాపథకం విద్యార్థులకోసమే ప్రారంభమైంది. చెట్లు నాటడం, రోడ్లు ఊడ్వడం మంచివే. వాటితోపాటు తమ వాడలోని ఆశ్రయం ఎక్కడున్నదో, బస్తీ దవాఖానా ఏ వేళల్లో తెరచి ఉంటుందో తెలుసుకొని నలుగురికీ చెప్పడం అంతకన్న మంచి సేవ. ఆపదలో ఉన్న పిల్లలకోసం 1098, వృద్ధులకోసం 14567 అనే ఫోను నంబర్లు ఉన్నాయని ఒంటరిగా ఉండే అవ్వకు, వీధిబాలునికి తెలియజేయడానికి డబ్బు అక్కరలేదు. దరఖాస్తు వ్రాయలేనివానికి వ్రాసిపెట్టడానికి, దారి తెలియనివాని వెంట నాలుగడుగులు నడవడానికి పదవి అక్కరలేదు. చదువుకొన్నవాడు చదువులేనివానికి చెల్లింపదగిన మొదటి రుణం ఇదే.

నగరం గొప్పతనాన్ని ఆకాశహర్మ్యాల ఎత్తుతోను, రహదారుల వెడల్పుతోను చెప్పుకోవడం పరిపాటి అయింది. మయసభ అందానికి ముగ్ధులైనవారు ఎందరో ఉండవచ్చు. నారదుడు మాత్రం ఆ సభలోనే నిలిచి, బంధువులు లేనివారిని గురించి అడిగాడు. నేడు రాజు లేడు. నగరపాలక సంస్థను ఎన్నుకొనే ప్రతి పౌరుడూ ధర్మరాజు స్థానంలో ఉన్నాడు. కనుక ఆ ప్రశ్న ఇప్పుడు ప్రతి ఒక్కరినీ ఉద్దేశించినదే. ఆసుపత్రి గోడవార పడుకొన్న ఆ వృద్ధుని భుజం తట్టి, "పెద్దాయనా, లోపల పడుకోవడానికి చోటుంది, రా" అని పిలిచేవారు ఉన్ననాడు, దానికి సమాధానం చెప్పే అర్హత మన నగరాలకు లభిస్తుంది.