సముద్రపు నాచు కంచంలోకి రావాలి, లెక్కతో రావాలి

పాలలో చైనా గ్రాస్ వేసి గడ్డకట్టించిన పుడ్డింగ్ తిన్న ప్రతి ఒక్కరూ సముద్రపు నాచు రుచి చూసినట్టే. ఎర్ర నాచును ఉడికించి, వడగట్టి, ఆరబెట్టి తీసే అగర్ అది. అయితే ఆ వడపోతలో ప్రోటీన్, అయొడిన్, విటమిన్లు చాలావరకు పోయి, చివరికి మిగిలేది పీచు. నాచు సాగు గురించి దేశంలో నడుస్తున్న ఆలోచన కూడా ఇలాగే ఉంది. పోషకాలను వదిలేసి జిగురు చుట్టూ తిరుగుతోంది.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద 2020-25 కాలానికి నాచు రంగానికి కేంద్రం రూ.640 కోట్లు ప్రకటించింది. ఏటా 11 లక్షల టన్నులకు పైగా పండించాలన్నది అప్పటి లక్ష్యం. తమిళనాడులోని రామనాథపురం తీరంలో మహిళలు వెదురు తెప్పలకు కప్పాఫైకస్ నాచు ముక్కలు కట్టి, 45 రోజులకో కోత కోస్తున్నారు. అది ఎక్కువగా క్యారజీనన్ తయారీకి, అంటే ఐస్‌క్రీములనూ చాక్లెట్ పాలనూ చిక్కబరిచే పదార్థానికి పోతుంది. దాని రసం పంటలపై పిచికారీకి పనికొస్తుంది. ఆ కుటుంబాలకు ఆదాయం వస్తోంది, అది విలువైన విషయమే. కానీ తెలుగు తీరం కూడా అదే దారి పట్టి ఫ్యాక్టరీకి ముడిసరుకు పంపడంతో ఆగిపోకూడదు. నాచు మొదట తిండి.

ఆ సంగతి జపాన్‌కు బాగా తెలుసు. అక్కడ అన్నం చుట్టే నల్లటి పలుచని రేకు నోరి, పోర్ఫైరా అనే ఎర్ర నాచు నుంచి వస్తుంది. శతాబ్దాలుగా తింటున్నా, దాని విత్తు ఎక్కడి నుంచి వస్తుందో అప్పట్లో రైతులకు తెలిసేది కాదు. సముద్రంలో వలలు కట్టి, అదృష్టం మీద భారం వేసేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పంట దారుణంగా దెబ్బతింది. పరిష్కారం ఇంగ్లండ్ నుంచి వచ్చింది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన క్యాథ్లీన్ డ్రూ-బేకర్, గుల్లల మీద పెరిగే గులాబీ రంగు పదార్థం వేరే జీవి కాదనీ, పోర్ఫైరా జీవితంలోనే ఒక దశ అనీ 1949లో చూపించారు. జపాన్ శాస్త్రవేత్తలు ఆ ఒక్క ఆధారంతో గుల్లల్లో విత్తు పెంచి వలలకు ఎక్కించడం నేర్చుకున్నారు. నోరి పరిశ్రమ నిలబడింది. ఆమె ఎన్నడూ జపాన్ వెళ్లలేదు, 1957లో మరణించారు. అయినా కుమమోటో ప్రాంతంలోని ఉటో పట్టణంలో నాచు రైతులు ఆమెకు స్మారకం కట్టించి, ఏటా ఏప్రిల్ 14న నివాళులర్పిస్తున్నారు. జీతం కూడా దక్కని ఒక పరిశోధకురాలి పని, చూడని దేశంలో లక్షల ఇళ్లకు అన్నం పెట్టింది.

ఈ కథకు విశాఖతో సంబంధం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఉమామహేశ్వరరావు, శ్రీరాములు 1960లలోనే విశాఖ తీరపు రాళ్ల మీది నాచులను అధ్యయనం చేశారు. వాటిలో పోర్ఫైరా కూడా ఉంది. నోరికి దగ్గరి చుట్టం ఆరు దశాబ్దాల కిందటే మన శాస్త్రవేత్తల రాతల్లోకి ఎక్కినా, మన వంటింటి గడప మాత్రం ఇంకా తొక్కలేదు.

నాచులో ఏముంది? ఎండిన నోరి బరువులో దాదాపు మూడో వంతు ప్రోటీన్ అంటారు, అది నిజమే. కానీ ఒక రేకు బరువు మూడు గ్రాములు, కాబట్టి దొరికే ప్రోటీన్ ఒక్క గ్రాము. నాచు పప్పుకు బదులు కాదు. దాని అసలు విలువ అయొడిన్‌లో, పీచులో, శాకాహారులకు అరుదుగా దొరికే బీ12లో ఉంది. ఈ చివరిది మనకు ముఖ్యం. మాత్రల రూపంలో విరివిగా అమ్మే స్పిరులినాను దీనితో కలపకూడదు, అది సముద్రపు నాచు కాదు. అందులో బీ12గా కనిపించేదాంట్లో ఎక్కువ భాగం మన శరీరం వాడుకోలేని నకలు. నోరిలోది చాలావరకు అసలుది.

అన్ని నాచులూ ఒకటి కావు. పెద్దవారికి రోజుకు కావాల్సిన అయొడిన్ 150 మైక్రోగ్రాములు. కొంబు అనే గోధుమ నాచులో ఒక్క గ్రాములోనే వెయ్యి మైక్రోగ్రాములు దాటడం మామూలు. ఆస్ట్రేలియాలో కొంబు కలిపిన సోయా పాలు తాగినవారికి థైరాయిడ్ సమస్యలు రావడంతో 2009లో ఆ పాలను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. హిజికి నాచులో ఆర్సెనిక్ ఎక్కువని, తినవద్దని 2004లో బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ హెచ్చరించింది. మనమేమో ఇప్పటికే అయొడిన్ ఉప్పు తింటున్నాం. పైగా నాచు నీటిలోని భార లోహాలను పీల్చుకుంటుంది. ఓడరేవు, పరిశ్రమలు, నగరపు మురుగు ఉన్నచోట రాళ్ల మీది నాచును పరీక్షించకుండా తినమనడం నేరమే అవుతుంది.

బయటి జాతుల విషయంలోనూ తొందర పనికిరాదు. కప్పాఫైకస్ మన సముద్రానిది కాదు. మన్నార్ సింధుశాఖలోని కురుసడై దీవి దగ్గర అది సాగు హద్దులు దాటి పగడాలను కప్పేసిన వైనాన్ని శాస్త్రవేత్తలు నమోదు చేశారు. ఇక్కడి రాళ్ల మీద సహజంగా పెరిగే జాతులు ఉండగా వాటితో మొదలుపెట్టడమే మేలు.

రుచి గురించి భయం అక్కర్లేదు. నాచు రుచి వెనుక కమ్మదనాన్నిచ్చే గ్లుటమేట్ ఉందని 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునాయే ఇకెడా కొంబు నుంచి తీసి చూపించారు. జపాన్ ఇళ్లలో నోరి తునకలు, వేయించిన నువ్వులు, ఉప్పు కలిపి వేడన్నం మీద చల్లుకుంటారు. వేడన్నంలో కరివేపాకు పొడి, నువ్వుల పొడి కలుపుకొనే తెలుగువాళ్లకు ఇందులో వింతేముంది? ఎండుమిర్చి, వెల్లుల్లి చేర్చి దంచితే అది మన పొడే.

కావాల్సిన సంస్థలు అందుబాటులోనే ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం, విశాఖలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విభాగం, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి కూర్చోవాలి. ఏ తీరపు నాచులో అయొడిన్ ఎంత, సీసం ఎంత, ఆర్సెనిక్ ఎంత, బీ12 ఎంత అన్నది కాలాలవారీగా కొలిచి, తెలుగులో జనం ముందు పెట్టాలి. ప్యాకెట్ మీద అయొడిన్ మోతాదు ముద్రించకుండా ఏ నాచు పొడినీ అమ్మనివ్వకూడదు. సేకరణ, ఎండబెట్టడం, ప్యాకింగ్ పనుల్లో భీమిలి, పూడిమడక లాంటి ఊళ్ల మత్స్యకార మహిళలకు మొదటి హక్కు ఇవ్వాలి, ధర ముందే ఖరారు చేయాలి. టన్నుల లక్ష్యాలు ఆ తర్వాత రాసుకోవచ్చు.