అడవికి కాపలా ఎవరు?



ఆసుపత్రి పత్రికలో అడవుల సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. బ్రెజిల్‌లోని యానోమామీ ప్రజల కథ వింటే భూమికీ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం అర్థమవుతుంది.

అమెజాన్ అడవిలో, వెనెజులా సరిహద్దు దగ్గర వీరు సుమారు 30,000 మంది నివసిస్తున్నారు. 1980లలో బంగారం కోసం వేలాది మంది వీరి భూమిలోకి చొరబడ్డారు. వారితోపాటు మలేరియా, తట్టు వచ్చి ఎందరినో బలి తీసుకున్నాయి. దావి కోపెనావా అనే యానోమామీ నాయకుడు ఏళ్ల తరబడి పోరాడగా, 1992లో ప్రభుత్వం దాదాపు 96,000 చదరపు కిలోమీటర్ల భూమిని వారిదని గుర్తించింది.

తర్వాత కాపలా సడలింది, తవ్వేవారు మళ్లీ వచ్చారు. 2023 జనవరిలో అక్కడ ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించవలసి వచ్చింది. పోషకాహారం లేక ఎముకలు తేలిన పిల్లల ఫొటోలను లోకమంతా చూసింది.

ఇది ఎలా జరుగుతుంది? నది ఒడ్డున తవ్విన గుంటల్లో నీరు నిలిచి దోమలు పెరుగుతాయి. జ్వరంతో పడుకున్న తండ్రి వేటకు వెళ్లలేడు, తోట వేయలేడు. బంగారాన్ని వేరు చేయడానికి వాడే పాదరసం నీటిలో కలిసి చేపల్లో చేరుతుంది. ఆ చేపలు తిన్న గర్భిణికి ఏమీ తెలియకపోవచ్చు, కానీ కడుపులో బిడ్డ మెదడు దెబ్బతినవచ్చు. దాన్ని తిరిగి బాగుచేసే మందు లేదు.

డాక్టర్లను, మందులను పంపడం అవసరమే. కానీ గుంట పూడ్చకుండా జ్వరానికి మాత్రలిస్తూ పోతే ఏం లాభం? ఆ ప్రజలకు మొదటి వైద్యం వారి భూమికి రక్షణే అని నా అభిప్రాయం.

"ఇంత కొద్దిమందికి దాదాపు తెలంగాణ అంత భూమి ఎందుకు?" అని కొందరంటారు. మాప్‌బయోమాస్ అనే సంస్థ ఉపగ్రహ చిత్రాలతో లెక్క కట్టింది. 1990 నుంచి 2020 వరకు బ్రెజిల్ ఆదివాసీ భూముల్లో పోయిన సహజ వృక్షసంపద సుమారు 1 శాతం. ప్రైవేటు భూముల్లో సుమారు 20 శాతం. ఆ అడవి నుంచి లేచే తేమే దూరాన ఉన్న పొలాలకు వానగా కురుస్తుంది. కాబట్టి వారు కాపాడేది తమ ఒక్కరి కోసమే కాదు.

మన ఇళ్లలో బంగారం లేకుండా పెళ్లి జరగదు. హాల్‌మార్క్ బంగారం స్వచ్ఛతను చెబుతుంది గాని, అది ఏ నది ఒడ్డు నుంచి వచ్చిందో చెప్పదు. ఈసారి పెళ్లికి పాత నగనే కరిగించి కొత్తది చేయించుకోండి. దానికోసం ఎక్కడా కొత్త గుంట తవ్వనక్కరలేదు.