అరకు ఘాట్ రోడ్డుకు ఒక్కపూట పరుగు తగదు

మన శృంగవరపుకోట ప్రాంత రైతు పొలంలో నడుం ఎత్తి చూస్తే చాలు, అనంతగిరి కొండలు కనబడతాయి. అయినా "అరకు చూశారా?" అని అడిగితే పెద్దవాళ్ళలో చాలామంది తల అడ్డంగా వూపుతారు. చూశామనే వారు కూడా ఒక్కరోజులో వెళ్ళి, ఆ రాత్రికే తిరిగి వచ్చిన వారే. అది చూడడం కాదని నా అభిప్రాయం. స్వానుభవం మీద చెబుతున్నాను.

రెండేళ్ళ క్రితం కార్తీకమాసంలో మా అమ్మ కోరిక మీద పదకొండు మందిమి ఒక జీపు మాట్లాడుకుని బయలుదేరాము. బొర్రా గుహలు, అరకు, మ్యూజియం, పద్మాపురం తోట అన్నీ చూసుకుని రాత్రి భోజనానికి ఇంటికి చేరాలని మా ఏర్పాటు. డ్రైవరుకు మరో బేరం తొందర. మాకు యిచ్చిన కిరాయి గిట్టాలనే తొందర. బొర్రాలో అమ్మ మోకాళ్ళ నొప్పితో సగం మెట్ల మీదే కూర్చుండిపోయింది. ఆమె కోసం ఆగే వ్యవధి మాకు లేకపోయింది. తిరుగు ప్రయాణంలో గాలికొండ దాటేసరికి చీకటి పడి మంచు కమ్మింది. ఒక మలుపులో ఎదురు లారీ దీపాలు కళ్ళలో పడి, మా జీపు రోడ్డు అంచు దాకా పోయి ఆగింది. పిల్లలు గొల్లుమన్నారు. యింటికి చేరాక అమ్మ ఒక్కమాటే అంది: "కొండెక్కినామని సెప్పుకోడానికే గాని, ఏటి సూసినాం నాయనా?" నా దగ్గర జవాబు లేదు.

2021 ఫిబ్రవరిలో డముకు వద్ద యాత్రికుల బస్సు లోయలో పడి నలుగురు మరణించిన సంగతి మన వారెవరూ మరచిపోలేదు. అదీ చీకటి పడ్డ వేళే. ఘాట్ రోడ్డు మీద తొందర ఎంత పని చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి వెళ్ళేవారు రెండు రోజులు కేటాయించుకోవాలి. నాట్లు అయిపోయి కోతలు మొదలుకాని రోజులు మన రైతుకు కాస్త తీరిక. కొండ మీద వలిసె చేలు పసుపు పూలతో నిండివుండేదీ దాదాపు అప్పుడే. ఆదివారాలు, పండుగ రోజులు రద్దీ ఎక్కువ గనుక మామూలు రోజులు ఎంచుకోవడం మేలు.

పోయేటప్పుడు రైలులో పోవాలి. ఉదయం విశాఖ నుండి కిరండూల్ వెళ్ళే రైలు కొత్తవలస, ఎస్.కోట మీదుగానే పోతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడం కోసం 1960లలో వేసిన మార్గమిది. దీని పొడవునా 58 సొరంగాలున్నాయి. శిమిలిగుడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున వుంది. ఆ రాత్రి అరకులో బస చేసి, మర్నాడు ఎండ వచ్చాక ఘాట్ రోడ్డున బస్సులో దిగితే మలుపు మలుపుకూ లోయ కనబడుతుంది. బసకు ఖర్చు కదా అంటారు. జీపు కిరాయి మిగులుతుంది గదా! బొర్రాకు ఒక పూట పూర్తిగా కేటాయిస్తే ముసలివాళ్ళు కూడా ఆగి ఆగి మెట్లు దిగి, లోపలి శివలింగాన్ని కళ్ళారా చూసుకోగలరు.

దారిలో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియపు తీగలు చూడవచ్చు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని వెనుక గిరిజన రైతుల చాకిరీ వుంది. వారిని వింతగా చూచి, అడగకుండా ఫొటోలు తీయడం మర్యాద కాదు. వారి వద్ద నాలుగు గింజలు కొంటే వారికీ మేలు, మనకూ మేలు.

మరొక్క ముఖ్య విషయం. బొర్రా వద్ద కొండల్లో పారే గోస్తనీ నదే కిందకు వచ్చి మన తాటిపూడి జలాశయాన్ని నింపుతుంది. మనం కొండ మీద విసిరిన ప్లాస్టిక్ సీసా వానకు కొట్టుకువచ్చి మన చెరువు చేరదని ఎవరు చెప్పగలరు? తెచ్చుకున్న చెత్త మూటగట్టి వెనక్కు తెచ్చుకోవడం మన చేతిలో పనే.

అధికారులకూ ఒక మనవి. వాహనాలు ఆగి చూసే ప్రతి చోటా గట్టి పిట్టగోడ, ఆడవారికి మరుగుదొడ్డి తప్పనిసరి. పగటి పూట దిగే ఆర్టీసీ బస్సును ఒక మంచి చోట పది నిమిషాలు ఆపితే, జీపు మాట్లాడుకునే స్తోమత లేని కూలివాడు కూడా కొండను చూసుకుంటాడు. ఇందుకు కోట్లు ఖర్చు కావు.

రాబోయే కార్తీకంలో అమ్మను మళ్ళీ తీసుకువెళ్ళాలని నిశ్చయించుకున్నాను. ఈసారి జీపు లేదు, తొందర లేదు. ఆమె ఎక్కడ కూర్చుంటే అక్కడే మేమూ కూర్చుంటాము.

- గ్రామీణ విలేకరి